కడపలో ఎక్కడ తినాలో తోటివాళ్లకు చెప్పడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కడపకు కొత్తగా వచ్చినవాళ్లు "ఇక్కడ ఏం బాగుంటుంది?" అని అడిగితే మన నోట వెంటనే ఒక హోటల్ పేరు వచ్చేస్తుంది. "ఆడికి పోండి, సూపర్‌గా ఉంటాది" అనేస్తాం. వాళ్లు సాయంత్రం నాలుగింటికి అక్కడికి వెళ్తారు. అప్పటికి సంగటి అయిపోయి ఉంటుంది, లేదా మధ్యాహ్నం చేసింది గట్టిపడి గిన్నె అడుగున మిగిలి ఉంటుంది. దాన్నే వేడి పులుసులో నంజుకుని తిని, "ఇదేనా సీమ సంగటి?" అనుకుంటూ వెళ్లిపోతారు. అందులో హోటల్ తప్పు లేదు, తిన్నవాళ్ల తప్పూ లేదు. మనం వేళ చెప్పలేదు, అంతే.

మన సీమ ఊళ్లలో మంచి తిండి రోజంతా దొరకదు. ఒక్కో వంటకానికి ఒక్కో వేళ ఉంది. ఆ వేళ దాటితే అదే వంటవాడు, అదే పెనం ఉన్నా రుచి వేరు. అందుకే ఎవరికైనా తిండి గురించి చెప్పాల్సి వస్తే ముందు వేళ, తర్వాత వంటకం, చివరగా చోటు చెప్పండి. కడపను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కర్నూలుకు, అనంతపురానికి ఎక్కడ తేడా వస్తుందో అక్కడే చెబుతాను.

1. ముందు మీరే అడగండి

సలహా అడిగినవాళ్లను మూడు విషయాలు అడగాలి. ఎన్ని గంటలకు ఖాళీ అవుతారు? వెంట ఎవరెవరు ఉన్నారు? ఏం తినరు?

మొదటి రెండూ ఎవరైనా అడుగుతారు. మూడోదే మర్చిపోతారు. ఏం తింటారని కాకుండా ఏం తినరని అడగడంలోనే ఉంది కిటుకు. శనివారం వేంకటేశ్వరస్వామి వారమని మాంసం ముట్టని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. కొందరు సోమవారం తినరు, కొందరు గురువారం తినరు. శ్రావణం, కార్తీకం వచ్చాయంటే నెల పొడుగునా మానేసేవాళ్లుంటారు. అలాంటివాళ్లలో కొందరు మాంసం వండే వంటింట్లో పోసిన ఇడ్లీ కూడా తినరు. వాళ్లకు "అక్కడ వెజ్ కూడా దొరుకుతుంది" అని చెప్తే ఏం లాభం లేదు. వంటిల్లే వేరుగా ఉన్న శాకాహార హోటల్ చెప్పాలి. ముస్లిం మిత్రులకు హలాల్ సంగతి కూడా అంతే. కడప పాత ఊళ్లో అది ఇబ్బంది కాదు. ఊరి బయట రోడ్డు మీది హోటల్ చెప్పేటప్పుడు మాత్రం ముందే కనుక్కుని చెప్పండి.

వెంట ముసలివాళ్లు ఉంటే మేడ మీది హాలు వద్దు. చంటిపిల్లలుంటే నిలబడి తినే బండి వద్దు. షుగర్ ఉన్నవాళ్లు వేళకు తినాలి కాబట్టి ఆదివారం మధ్యాహ్నం అరగంట నిలబెట్టే చోటికి వాళ్లను పంపకండి.

ఇక కారం. "కారం తింటారా?" అని అడిగితే అందరూ "పర్లేదు, తింటాం" అనే అంటారు. దానికి బదులు "ఆవకాయ నెయ్యి లేకుండా తినగలరా?" అని అడగండి. జవాబు చెప్పడానికి ఆలోచించారంటే, మన ఎర్రకారం వాళ్లకు ఎక్కువే. అప్పుడు కూడా కారం దోసె వద్దనక్కర్లేదు, కారం పలచగా పూయమని చెప్పుకోవచ్చని చెప్పండి. పులుసులో అలా కుదరదు, పొద్దున కలిపిన కారాన్ని మధ్యాహ్నం ఎవరూ తీయలేరు. ఈ రెంటికీ తేడా చెప్పి పంపితే వాళ్లు మిమ్మల్ని తలచుకుంటారు.

2. ఊరి రోజును వేళలుగా విడగొట్టుకోండి

పొద్దున ఆరు నుంచి పదింటి దాకా కడప దోసెది. ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల, కోటిరెడ్డి సర్కిల్ వైపు, కాలనీల మలుపుల్లో టిఫిన్ బండ్లు, చిన్న హోటళ్లు ఈ వేళలోనే వ్యాపారమంతా చేసుకుంటాయి. కారం దోసె ఎలా అవుతుందో ఒక్కసారి దగ్గర నిలబడి చూడండి. అది చూస్తేనే ఇంకొకరికి ఎలా చెప్పాలో తెలుస్తుంది. పెనం మీద పిండి కాస్త మందంగా పరుస్తారు. అంచులు లేస్తున్నప్పుడు ఎర్రకారం ముద్ద వేస్తారు. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు కలిపి నూరిన కారం అది. దాన్ని గరిటె వెనకతో దోసె నిండా పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యో వెన్నో వేసి మడిచి ప్లేట్లో పెడతారు. పెనం మీంచి దిగిన రెండు మూడు నిమిషాల్లో తింటే అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది, పప్పుల పొడి కారం ఘాటును పట్టి ఆపుతుంది. అదే దోసెను పార్సిల్ కట్టించుకుని లాడ్జికి తీసుకెళ్తే ఆవిరికి మెత్తబడిపోతుంది. పొడి తడిసి ముద్దవుతుంది. ఇక నోటికి తెలిసేది కారం ఒక్కటే.

కాబట్టి కారం దోసె గురించి ఎవరికి చెప్పినా "అక్కడే నిలబడి తినండి, పార్సిల్ వద్దు" అన్న మాట జోడించండి. నా దృష్టిలో హోటల్ పేరు కన్నా ఈ మాటకే విలువ ఎక్కువ. ఆదివారమైతే తొమ్మిదిలోపు వెళ్లమనండి. పిండి అయిపోతే ఆ రోజుకు అంతే, మళ్లీ రుబ్బరు.

కర్నూలు, అనంతపురం వైపు పొద్దుటి వేళ ఉగ్గానిది. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, తాలింపులో ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, పసుపు వేసి కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. ఇక్కడ చూడాల్సింది ఉగ్గానిని కాదు, బజ్జీని. నూనెలోంచి బజ్జీలు తీస్తున్నప్పుడు వెళ్లేలా చెప్పండి. బుట్టలో చల్లారిన బజ్జితో ఉగ్గాని తిన్నవాళ్లకు అందులో గొప్పేముందో అర్థం కాదు.

మధ్యాహ్నం సంగటిది. పన్నెండున్నర నుంచి రెండింటి మధ్య వెళ్లాలి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మూత పెట్టి మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా తెడ్డుతో గట్టిగా తిప్పి చేసే వంట అది. దింపిన కాసేపటికే బిగుసుకోవడం మొదలవుతుంది. నాటుకోడి పులుసు కూడా అప్పటికప్పుడు అయ్యేది కాదు. ఆ మాంసం నెమ్మదిగా ఉడకాలి కాబట్టి చిన్న హోటళ్లలో మధ్యాహ్నానికి ఒకేసారి వండి పెట్టుకుంటారు. ముందుగా ఫోన్ చేసి "సంగటి దిగిందా?" అని అడిగి వెళ్లడం మంచిది. కడపలో ఎవరూ దానికి విసుక్కోరు.

నాటుకోడి అని బోర్డు పెట్టినచోటల్లా నాటుకోడే దొరకదు. వేలితో తాకితే ఎముక నుంచి మాంసం జారిపోతుంటే అనుమానించాల్సిందే. నాటుకోడి మాంసం పీచుపీచుగా, కాస్త పళ్లకు పనిచెప్పేలా ఉంటుంది. ఇది తెలియని బయటి ఊరి స్నేహితులు "ముక్క ఉడకలేదు" అని అపార్థం చేసుకుంటారు. ముందే చెప్పి పంపండి. సంగటి తినే తీరు కూడా చెప్పండి. కుడిచేత్తో చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, పులుసు పట్టించి మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, రుచి తెలియదు. మాంసం తిననివాళ్లకు సంగటి చెప్పకూడదని కొందరు అనుకుంటారు. చెనిగ్గింజల (వేరుశనగ) ఊరిబిండి పచ్చడి, గోంగూర పప్పు, ఇంత నెయ్యి ఉంటే శాకాహారులకూ అంతకన్నా మంచి భోజనం మన జిల్లాలో లేదు.

బిర్యానీది కూడా మధ్యాహ్నమే. దమ్ము తీసిన గంట గంటన్నరలో తిన్నదానికీ, రాత్రికి మళ్లీ వేడి చేసినదానికీ పోలికే లేదు. రాత్రికి వేరే దమ్ము పెట్టే చోట్లు ఉంటాయి. "రాత్రికి కొత్తగా వేస్తారా?" అని అడిగి తెలుసుకుని మరీ చెప్పండి.

సాయంత్రం బజ్జీలు, బొరుగుల మసాలా, అలసంద వడలు, టీ. దీని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గుంపు ఎక్కడుంటే అక్కడ నూనె వేడిగా ఉంటుంది, సరుకు నిలవ ఉండదు.

3. చెప్పే ముందు మీరు సరిగ్గా చూడండి

ఒక్కసారి తిని సలహా ఇవ్వకండి. కనీసం రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో, వీలైతే ఒకసారి గుంపు లేనప్పుడు వెళ్లండి. గుంపు ఉన్నప్పుడు ఏ హోటల్‌లోనైనా వేడిగానే పెడతారు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లినవాడికి ఏం పెడతారన్నదే ఆ హోటల్ అసలు పద్ధతి.

రుచితోపాటు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదట చట్నీ. మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కొబ్బరి చట్నీ ఎంతోసేపు నిలవదు. చిన్న గిన్నెలో కొంచెం కొంచెం తెచ్చి పెడుతున్నారా, బకెట్ నిండా కలిపి పొద్దుటి నుంచి అదే వడ్డిస్తున్నారా? చిన్న గిన్నె వాడే చోటును నేను కళ్లు మూసుకుని చెబుతాను. వండిన తిండి 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి. ఈ రెంటి నడుమే క్రిములు త్వరగా పెరుగుతాయి. మనం థర్మామీటర్ పట్టుకెళ్లనక్కర్లేదు, గిన్నె కింద మంట ఉందా, పులుసు మీద ఆవిరి లేస్తోందా అని చూస్తే చాలు.

రెండోది నూనె. మళ్లీ మళ్లీ మరిగిన నూనె నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురుగు కడుతుంది, గొంతులో పట్టే వాసన వస్తుంది. ఎంతవరకు వాడొచ్చన్నదానికి ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు ఒకటి ఉంది. వేయించే నూనెలో పోలార్ కాంపౌండ్లు (నూనె మళ్లీ మళ్లీ మరిగితే అందులో పుట్టే పదార్థాలు) 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి నిబంధన. దాన్ని కొలవడం అధికారుల పని. మన ముక్కు కూడా చాలావరకు చెప్పేస్తుంది.

మూడోది ప్లేట్లు కడిగే చోటు. వీలైతే చెయ్యి కడుక్కునే వంకతో ఆ వైపు ఒకసారి నడవండి. ఒకే టబ్బులో ముంచి తీస్తున్నారా, పారే నీళ్లలో కడుగుతున్నారా అన్నది అక్కడే తెలుస్తుంది.

నాలుగోది నంబరు. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం తిండి అమ్మే ప్రతివాళ్లకూ, బండి పెట్టుకున్నవాళ్లకు సైతం, రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి. దానికి 14 అంకెల నంబరు ఉంటుంది. 2022 జనవరి 1 నుంచి బిల్లు ఇచ్చేచోట ఆ నంబరు బిల్లు మీద కూడా ఉండాలి. నంబరు ఉన్నంత మాత్రాన రుచి రాదు, శుభ్రతా గ్యారంటీ కాదు. కానీ బయటి ఊరి కుటుంబాన్ని పంపేటప్పుడు, అడిగితే జవాబు చెప్పే మనిషి అక్కడ ఉన్నాడన్న ధైర్యం ఇస్తుంది.

4. మాటను కుదించి, పూర్తిగా చెప్పండి

"బాగుంటుంది", "సూపర్", "అదిరిపోతుంది". ఈ మూడు మాటలూ మానేస్తే సలహా దానంతటదే బాగుపడుతుంది. వాటి స్థానంలో ఏం తిన్నారో, అది ఎలా ఉందో చెప్పండి. వాట్సాప్‌లో పంపేదైతే ఇలా ఉండొచ్చు:

"రేపు పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి. బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు. బోర్డు ఉండదు, వేపచెట్టు కింద నీలం బండి. కారం దోసె వెన్నతో అడగండి, కారం పలచగా అని చెప్పండి. ఇడ్లీ మామూలే. కూర్చోవడానికి రెండు బెంచీలే ఉన్నాయి, నాన్నగారికి ముందు చోటు చూడండి. చిల్లర పెట్టుకోండి. పోయిన ఆదివారం తిన్నాను."

ఇందులో ఎనిమిది చిన్న వాక్యాలే ఉన్నాయి. కానీ వేళ, దారి, వంటకం, ఎలా అడగాలి, ఏది అడగక్కర్లేదు, వెంట ఉన్న పెద్దాయన సంగతి, ఎప్పుడు తిన్నారన్న తేదీ, అన్నీ వచ్చేశాయి. ముఖ్యంగా "ఇడ్లీ మామూలే" అన్న మాట చూడండి. ఏది గొప్పగా ఉండదో చెబితేనే, గొప్పగా ఉందన్నదాన్ని ఎదుటివాళ్లు నమ్ముతారు.

దారి చెప్పేటప్పుడు ఫోన్‌లో మ్యాప్ లొకేషన్ పంపినా, నోటితో కూడా ఒక గుర్తు చెప్పండి. బండ్లు సాయంత్రానికి ఒక చోట, పొద్దునకు ఒక చోట ఉంటాయి. గుడి, పెట్రోల్ బంకు, స్కూలు గేటు లాంటి కదలని గుర్తులే చెప్పాలి. "ఆ సెల్‌ఫోన్ షాపు పక్కన" అంటే ఆ షాపు ఆరు నెలల్లో మారిపోవచ్చు.

తేదీ ఎందుకంటారా? మన హోటళ్లలో రుచి మాస్టర్ చేతిలో ఉంటుంది. మాస్టర్ వేరే హోటల్‌కు మారితే ఈ హోటల్ బోర్డు అదే ఉంటుంది, పులుసు మాత్రం మారిపోతుంది. ఏడాది కిందట తిన్నదాన్ని నిన్న తిన్నట్టు చెప్పకండి. "కిందటి ఉగాదికి తిన్నాను, ఇప్పుడెట్లుందో ఒకసారి కనుక్కోండి" అంటే చాలు.

5. పక్క బల్ల మీదివాళ్లకు చెప్పేటప్పుడు

మన టిఫిన్ హోటళ్లలో ఒకే బల్ల దగ్గర తెలియనివాళ్లు ఎదురెదురుగా కూర్చుంటారు. సలహాలు ఎక్కువగా చేతులు మారేది అక్కడే. కొత్తాయన మెనూ వైపు చూసి తికమకపడుతుంటే మనమే పలకరించడంలో తప్పేం లేదు. కానీ ఆయన ఆర్డర్ ఇవ్వకముందే చెప్పాలి. ప్లేటు ముందుకొచ్చాక "అయ్యో, అది తీసుకున్నారా!" అనడం కన్నా ఇబ్బంది ఇంకోటి లేదు.

సాధారణంగా ఆ మాటలు ఇలా నడుస్తాయి:

"అన్నా, ఈడ దోసె ఎట్లుంటాది?"

"కారం జాస్తిగా ఉంటాదన్నా. అలవాటు లేకపోతే వెన్న ఏయించుకో. ఏ ఊరు?"

"విజయవాడన్నా."

"అయితే తింటావులే. చట్నీ మాత్రం కొబ్బరిది వద్దు, చెనిగ్గింజలది అడుగు."

చూడండి, ఇందులో హోటల్‌ను పొగిడే మాట ఒక్కటీ లేదు. ఎదుటివాడి ఊరు తెలుసుకుని సలహాను దానికి తగ్గట్టు సర్దాడు. పెద్దవాళ్లయితే "సార్" అనో "పెద్దాయనా" అనో, ఆడవాళ్లయితే "అక్కా", "అమ్మా" అనో పిలిచి, రెండు మాటల్లో ముగించి మన ప్లేటు వైపు తిరగాలి. వాళ్లు మళ్లీ అడిగితేనే మిగతాది. వాళ్లు తినే ముద్దను చూస్తూ ఉపన్యాసం ఇవ్వకూడదు.

సప్లయర్ పక్కనే ఉండగా "ఇక్కడకన్నా పక్క వీధిలో బాగుంటుంది" అనకండి. ఆ మాట చెప్పాల్సిందే అయితే బయటికొచ్చాక చెప్పండి.

6. డబ్బు సంగతి దాచకండి

మన దగ్గర ధర అడగడానికి మొహమాటపడతారు, చెప్పడానికీ మొహమాటపడతారు. ఇద్దరు తింటే ఎంతయిందో చెప్పేయండి. ప్లేటుకు ఎన్ని ముక్కలు వస్తాయి, సింగిల్ ఇద్దరికి సరిపోతుందా, సంగటికి వేరే లెక్కా, పులుసు మళ్లీ అడిగితే డబ్బు తీసుకుంటారా అన్నవి మెనూ కార్డులో ఉండవు. వాటిని చెప్పగలిగేది తిన్నవాళ్లే.

మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకాల మీద కొంత శాతం తామే పన్ను కట్టే చిన్న హోటళ్లు అసలు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. సర్వీస్ చార్జి అనేది పన్ను కాదు. దాన్ని తప్పనిసరిగా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కడపలో ఇది తక్కువచోట్లే ఎదురవుతుంది. అయినా పెద్ద రెస్టారెంట్‌కు ఎవరినైనా పంపేటప్పుడు ఒక మాట చెవిన వేయండి. పేచీ వస్తే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

7. రాత్రి తిండి, రాత్రి తిరుగుడు

బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు "రాత్రికి ఇక్కడేముంది?" అని అడుగుతారు. పబ్బులు, డాన్స్ ఫ్లోర్లు ఆశించేవాళ్లకు కడప వేరే ఊరని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇక్కడి రాత్రికి దాని అందం దానికుంది. రెండో ఆట వదిలాక పరోటాల బండి దగ్గర గుంపు, పెనం మీద కోడిగుడ్డు దోసెలు, రైలు దిగినవాళ్లకు స్టేషన్ దగ్గర టీ. కడప స్టేషన్ చెన్నై–ముంబై మార్గంలో ఉంది కాబట్టి రాత్రి వేళ దిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు పనికొచ్చే సలహా ఒక్కటే: ఏది ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది. ఇది ఊహించి చెప్పకూడదు. ఆకలితో, సామాన్లతో అర్ధరాత్రి దిగిన మనిషిని మూసిన షట్టర్ ముందుకు పంపడం అన్యాయం. ఆ రోజు మీరే చూసుంటే చెప్పండి, లేదంటే ఫోన్ చేసి కనుక్కున్నాకే చెప్పండి.

రంజాన్ నెలలో మాత్రం ఊరి రాత్రి మారిపోతుంది. ఇఫ్తార్ వేళ నుంచి పాత ఊళ్లో వీధులు వెలిగిపోతాయి. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి మెదిపిన హలీం, కబాబులు దొరుకుతాయి. అన్ని మతాలవాళ్లూ తినడానికి వస్తారు. ఇక్కడికి పంపేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఉపవాసం ఉన్నవాళ్లు తినే మొదటి పది పదిహేను నిమిషాలు వాళ్లకు వదిలి, ఆ తర్వాత వెళ్లమనండి. పెద్ద దర్గా ఉరుసు రోజుల్లో, దేవుని కడప బ్రహ్మోత్సవాల్లో కూడా జనం ఎక్కువ, మామూలు రోజు వేళలు పనికిరావు. పాతిక కిలోమీటర్ల దూరంలోని ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. ఆ రాత్రి అక్కడి నుంచి ఆకలితో తిరిగొచ్చేవాళ్లు చాలామంది. వాళ్లు అడిగితే, వెళ్లేటప్పుడే తినేసి వెళ్లమని చెప్పడమే మంచి సలహా.

మందు దొరికే చోటు సంగతి నీళ్లు నమలకుండా చెప్పండి. "రెస్టారెంట్" అన్న బోర్డు కింద బార్ కూడా ఉంటుంది కొన్నిచోట్ల. ఫ్యామిలీ సెక్షన్ వేరే ఉన్నా దారి ఒకటే అయితే, ఆడవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లకు అది ఇబ్బంది. దారి వేరా, ఒకటేనా అన్నది మీరు చూసి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. కాలేజీ కుర్రాళ్లు అడిగితే ఆ మాటే చెప్పండి. తాగి బండి నడిపేవాళ్ల విషయంలో చట్టం గట్టిగా ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కాబట్టి అలాంటి చోటు చెప్పేటప్పుడు తిరిగి రావడానికి ఆటో ఎక్కడ దొరుకుతుందో కూడా అదే మాటలో చెప్పండి.

ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు రాత్రి చోటు చెప్పేటప్పుడు నేను మూడు సంగతులు చూస్తాను. ఆ రోడ్డు మీద లైట్లు ఉన్నాయా, శుభ్రమైన టాయిలెట్ ఉందా, ఆ వేళకు అక్కడ ఇంకెవరైనా ఆడవాళ్లు తింటుంటారా. మూడూ లేకపోతే రుచి ఎంత గొప్పదైనా ఆ పేరు ఎత్తను. పార్సిల్ తెప్పించుకోమంటాను.

కర్నూలు, అనంతపురాలకు రాత్రి లెక్క వేరు. రెండూ హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి 44 మీద ఉన్నాయి. అక్కడ రాత్రి అడిగేవాళ్లు ఎక్కువగా బాటసారులు. వాళ్లకు కొండారెడ్డి బురుజు దగ్గరో క్లాక్ టవర్ దగ్గరో ఉన్న చోటు చెప్పి ఊరి లోపలికి తిప్పడం కన్నా, బైపాస్ మీదే పార్కింగ్, టాయిలెట్ ఉన్న చోటు చెప్పడం మేలు. జొన్న రొట్టె, గుత్తి వంకాయ తినాలని పట్టుబడితే మధ్యాహ్నం అక్కడికి చేరేలా బయల్దేరమనండి.

8. బాగోలేదని చెప్పడం

మంచి చెప్పడం కన్నా ఇది కష్టం. "నాకు నచ్చలేదు" వేరు, "తిండి చెడిపోయింది" వేరు. ఉప్పు తక్కువైందా, పులుసు పలచగా ఉందా, సర్వీస్ ఆలస్యమైందా అన్నవి రుచికి, ఓపికకు సంబంధించినవి. వాటిని "నేను వెళ్లిన రోజు" అని చెప్పి వదిలేయండి. చిన్న హోటల్ అయితే ముందు యజమానికే చెప్పండి. మన దగ్గర ఓనర్ క్యాష్ దగ్గరే కూర్చుని ఉంటాడు. "పొద్దుటి చట్నీ పులిసినట్టుంది చూడన్నా" అంటే చాలామంది వెంటనే గిన్నె మార్పిస్తారు.

పురుగు కనిపించినా, తిన్న నలుగురికీ ఒకేసారి కడుపు చెడినా సంగతి వేరు. బిల్లు, ఫోటో దాచుకోండి. డాక్టర్‌కు చూపించుకోండి. జిల్లా ఆహార భద్రతా అధికారులకు గానీ, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ద్వారా గానీ ఫిర్యాదు చేయండి. తోటివాళ్లను హెచ్చరించేటప్పుడు మీరు చూసింది, మీకు జరిగింది మాత్రమే చెప్పండి. "ఎవరో చెప్పారు, అక్కడ కుళ్లిన మాంసం వాడతారంట" లాంటి మాటలు మోయకండి. రోజు సంపాదన మీద బతికే బండివాడి పొయ్యి అలాంటి ఒక్క పుకారుతో ఆరిపోతుంది.

9. ఎవరి తరఫున మాట్లాడుతున్నారో చెప్పండి

హోటల్ మీ బావమరిదిదైతే ఆ మాట ముందే చెప్పండి. ఓనర్ స్నేహంతో ఎప్పుడూ రెండు ముక్కలు ఎక్కువ వేస్తుంటే అది కూడా చెప్పాలి. ఎందుకంటే మీరు పంపినవాళ్లకు ఆ రెండు ముక్కలు రావు. ఉచితంగా తిన్న తిండి గురించి నేనైతే సలహా ఇవ్వను. డబ్బు పెట్టి, మామూలు మనిషిలా వరుసలో నిలబడి తిన్నాకే చెబుతాను.

10. తిని వచ్చినవాళ్లను అడగండి

మీరు పంపినవాళ్లు తిరిగొచ్చాక "ఎలా ఉంది?" అని అడగకండి. మొహమాటానికి "బాగుంది" అంటారు. "ఏం తిన్నారు? ఎన్నింటికి వెళ్లారు? ఏది వదిలేశారు?" అని అడగండి. వదిలేసినదాన్ని బట్టే మీ సలహా ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. సంగటి సగం వదిలేశారంటే వేళ తప్పి ఉండొచ్చు, లేదా తినే తీరు మీరు చెప్పకపోయి ఉండొచ్చు. బండి అక్కడ లేదన్నారంటే మర్నాడే మీరు వెళ్లి చూసి, ఎక్కడికి మార్చారో కనుక్కుని, అప్పటిదాకా ఎవరెవరికి ఆ చోటు చెప్పారో వాళ్లందరికీ ఒక మెసేజ్ పెట్టండి.